కరెంటు పెడితే కండరం అంత త్వరగా ఎందుకు అలిసిపోతుంది?

కుర్చీలో కూర్చుని, మడమ నేల మీదే ఉంచి, పాదం ముందు భాగాన్ని పైకి లేపండి. దించండి. మళ్ళీ లేపండి. ఈ వ్యాసం చదువుతున్నంతసేపూ మీరు అలా చేస్తూనే ఉండొచ్చు, పెద్ద కష్టమేమీ అనిపించదు. ఇదే పని పక్షవాతం వచ్చిన మనిషి కాలికి ఫిజియోథెరపీ మిషన్‌తో చేయిస్తే మొదట్లో పాదం చక్కగా లేస్తుంది. పోనుపోను ఎత్తు తగ్గుతుంది. కాసేపయ్యాక వేళ్ళు కొద్దిగా కదిలి ఊరుకుంటాయి. మిషన్ మీద నంబర్ మాత్రం మొదట ఎంత ఉందో అంతే ఉంటుంది.

ఇది చూసినవాళ్ళు సాధారణంగా మూడు మాటల్లో ఒకటి అంటారు. "మిషన్ సరిగ్గా పనిచెయ్యట్లేదు." "కరెంటు ఇంకొంచెం పెంచండి." "ఈయనే సహకరించట్లేదు." మూడో మాట ఎక్కువ బాధపెడుతుంది, పైగా అది నిజం కూడా కాదు. ఆ అలసటలో ఎక్కువ భాగం కరెంటు కండరాన్ని పనిలోకి పిలిచే పద్ధతిలోంచే వస్తుంది. ఆ పద్ధతి ఏమిటో, దాన్ని మార్చడానికి ఏం చేస్తున్నారో నాకు అర్థమైనంతలో చెప్తాను.

సీఎస్‌ఈ వాళ్ళకి దీనితో ఏం పని అని అడగొచ్చు. మా తాతయ్యకి, అంటే అమ్మ వాళ్ళ నాన్నకి, రెండేళ్ళ క్రితం పక్షవాతం వచ్చింది. కుడి పాదం వేలాడిపోయింది. ఫిజియోథెరపిస్టు వారానికి మూడు రోజులు ఇంటికొచ్చి, మోకాలి కింద బయటి వైపు రెండు ప్యాడ్లు అంటించి కరెంటు పెట్టేవారు. సెలవుల్లో వెళ్ళినప్పుడు నేను పక్కన కూర్చునేదాన్ని. పాదం ఎత్తు తగ్గగానే అమ్మమ్మ "కాస్త పెంచు బాబూ" అనేది. తాతయ్య మాత్రం తన కాలి వైపే చూస్తూ, "దీని పనైపోయిందమ్మా, నాలాగే" అన్నారు ఒకసారి. ఆయన ముప్పై ఏళ్ళు పొలం చేసిన మనిషి. అలుపంటే ఏమిటో ఆయనకి నేర్పక్కర్లేదు. కానీ మిషన్‌తో వచ్చే అలుపు ఆయనకి తెలిసిన అలుపు కాదు. ఆ తేడా ఆయనకి తెలుగులో చెప్పాలని మొదలుపెట్టి చదివిందే ఇదంతా.

మిషన్ నిజంగా చేసే పని

1791లో ఇటలీలోని బొలోన్యా నగరంలో లుయీజీ గాల్వానీ తన కప్ప కాళ్ళ ప్రయోగాలను ప్రచురించాడు. చనిపోయిన కప్ప నరానికి విద్యుత్ తగిలితే కాలు తన్నుకుంది. ఇవాళ్టి ఫిజియోథెరపీ మిషన్‌కీ మూలం అదే. ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. చర్మం మీద ప్యాడ్లు పెట్టి పంపే కరెంటు నేరుగా కండరాన్ని లాగదు. కండరంలోకి వెళ్ళే నరాన్ని రేపుతుంది. నరం కండరానికి చెబుతుంది. అందుకే మెదడులో దెబ్బ తగిలినా, వెన్నుపాము తెగినా, కింద కండరానికి వెళ్ళే నరం బాగుంటే ఈ పద్ధతి పనిచేస్తుంది. ఆ నరమే చచ్చిపోతే ఇంత చిన్న పల్సులతో పనికాదు.

పల్సు అంటే కరెంటు ఒక్క దెబ్బ. ఒక్కో పల్సు సాధారణంగా 200 నుంచి 400 మైక్రోసెకన్లు ఉంటుంది. అంటే సెకనులో వెయ్యో వంతు కూడా కాదు. బలం కొన్ని పదుల మిల్లీఆంపియర్లు. సెకనుకు ఎన్ని పల్సులు అన్నది ఫ్రీక్వెన్సీ. మామూలుగా 20 నుంచి 50 హెర్ట్జ్ మధ్య పెడతారు. మిషన్ మీద ఉండే ముఖ్యమైన సెట్టింగులు ఇవే: పల్సు పొడవు, బలం, ఫ్రీక్వెన్సీ, ఇంకా ఎన్ని సెకన్లు ఆన్, ఎన్ని సెకన్లు ఆఫ్.

మన ఒంట్లో ఉన్న వంతుల పద్ధతి

కండరం అంతా ఒక్క ముక్కగా పనిచేయదు. వెన్నుపాములోంచి బయల్దేరే ఒక్కో నాడీకణం కొన్ని కండర పోగుల్ని నడుపుతుంది. ఆ కణాన్నీ, దాని చేతికింద ఉన్న పోగుల్నీ కలిపి మోటార్ యూనిట్ అంటారు. కంటిని తిప్పే కండరాల్లో ఒక యూనిట్‌కి పదీ పాతిక పోగులే ఉంటాయి. పిక్కలో ఒక్కో యూనిట్‌కి వెయ్యికి పైనే ఉండొచ్చు.

ఈ యూనిట్లలో చిన్నవి, పెద్దవి ఉంటాయి. చిన్నవాటి పోగులు నిదానంగా పనిచేస్తాయి, బలం తక్కువ, కానీ గంటల తరబడి అలవవు. మనం నిలబడగలుగుతున్నామంటే వాటి పుణ్యమే. పెద్దవాటి పోగులు వేగంగా, బలంగా లాగుతాయి, తొందరగా చతికిలబడతాయి. బస్సు వెళ్ళిపోతుంటే పరుగెత్తి ఎక్కడానికి అవి కావాలి.

శరీరం వీటిని పిలవడంలో ఒక వరుస పాటిస్తుంది. ముందు చిన్నవి, బలం చాలకపోతే పెద్దవి. హార్వర్డ్‌లో పనిచేసిన ఎల్వుడ్ హెన్నెమన్ 1957లో ఈ సంగతి బయటపెట్టి, 1965లో వచ్చిన వ్యాసాల్లో దాన్ని పూర్తిగా వివరించాడు. దీనికి సైజ్ ప్రిన్సిపుల్ అని పేరు. టీకప్పు ఎత్తడానికి పెద్దవాటిని నిద్రలేపే అవసరం రాదు.

ఇక రెండో తెలివి టైమింగ్‌లో ఉంది. దీన్ని మన ఫెస్ట్ ఆడిటోరియంతో చెప్తాను. నాలుగొందల మంది చప్పట్లు కొడుతున్నారనుకోండి. ఒక్కొక్కరు సెకనుకు మూడుసార్లే కొడతారు. కానీ ఎవరి టైమింగ్ వాళ్ళది కాబట్టి హాల్లో మనకి వినిపించేది వాన పడినట్టు ఎడతెగని శబ్దం. ఎవరి చేతులూ పెద్దగా నొప్పెట్టవు. కండరంలోనూ అంతే. మనం పాదాన్ని మెల్లగా లేపి ఉంచినప్పుడు ఒక్కో మోటార్ యూనిట్ సెకనుకు పది పదిహేను సార్లు మాత్రమే సంకేతం అందుకుంటుంది. ఒకటి లాగుతుంటే ఇంకొకటి సడలుతుంది. మొత్తం కలిపితే పాదం వణక్కుండా నిలబడుతుంది. పని ఎక్కువసేపు సాగితే నాడీకణాలు తమ వేగాన్ని సర్దుకుంటాయి, కొత్త యూనిట్లు కూడా పనిలోకి వస్తాయి.

కరెంటు ఏం చేస్తుందంటే

ఇప్పుడు అదే హాల్లో ఒకాయన మైకులో "అందరూ నా లెక్క ప్రకారమే కొట్టాలి" అన్నాడనుకోండి. సెకనుకు మూడుసార్లు అందరూ ఒకేసారి కొడితే ధబ్, నిశ్శబ్దం, ధబ్, నిశ్శబ్దం. ఎడతెగని శబ్దం కావాలంటే ప్రతి ఒక్కరూ చాలా చాలా వేగంగా కొట్టాల్సి వస్తుంది. ఒక్క నిమిషంలో చేతులు మండుతాయి.

మిషన్ సరిగ్గా అదే చేస్తుంది. ఒక పల్సు వెళ్ళగానే దాని పరిధిలో ఉన్న నరపు పోగులన్నీ ఒక్క క్షణంలో స్పందిస్తాయి. సెకనుకు పది పల్సులిస్తే పాదం గడగడా వణుకుతుంది. వణుకు పోయి నున్నగా లేవాలంటే ముప్పై, నలభై ఇవ్వాలి. అంటే ఒక్కో పోగు తన మామూలు పని కంటే రెండు మూడు రెట్లు ఎక్కువసార్లు బిగుసుకోవాలి.

రెండో సమస్య, ఎప్పుడూ అవే పోగులు. ప్యాడ్ ఎక్కడ అంటించామో దానికి దగ్గర్లో ఉన్న నరపు కొమ్మలే ప్రతిసారీ స్పందిస్తాయి. గ్రూప్ ప్రాజెక్టులో ఆరుగురి పేర్లుంటాయి, పనిచేసేది మాత్రం ఇద్దరే అని మనందరికీ తెలుసు కదా. పక్కన ఖాళీగా ఉన్న పోగులు బోలెడున్నా మిషన్ వాటిని పిలవలేదు. వాటి అడ్రసు దానికి తెలియదు.

మూడోది వరుస. బయటి నుంచి కరెంటు పెట్టినప్పుడు లావుపాటి నరపు పోగులు సులభంగా రేగుతాయి. లావు పోగులు వెళ్ళేది త్వరగా అలిసే పెద్ద యూనిట్లకే. అందుకని చాలాకాలం, శరీరం వరుసకి ఇది పూర్తిగా తలకిందులు అని పుస్తకాల్లో రాసేవారు. చర్మం మీద ప్యాడ్లు పెట్టినప్పుడు నరం ఎంత లోతులో ఉంది, ఎంత దూరంలో ఉంది అన్నదీ లెక్కలోకి వస్తుంది కాబట్టి, నిజానికి వరుస తలకిందులవడం కంటే కలగాపులగం అవుతుందని తర్వాతి పరిశోధకులు వాదించారు. ఎలా చూసినా ఒకటి మాత్రం ఖాయం: "ముందు అలవనివాళ్ళు రండి" అనే శరీరం పద్ధతి ఇక్కడ చెల్లదు. మామూలుగా అత్యవసరానికి దాచుకునే పోగులు మొదటి నిమిషం నుంచే ఖర్చవుతాయి.

అలిసిన పోగులో జరిగేది

అలుపు అనగానే మనకి స్కూల్లో చెప్పింది లాక్టిక్ ఆమ్లం. ఇప్పటి అవగాహనలో అది ప్రధాన నిందితుడు కాదు. పోగు బిగుసుకోవాలంటే లోపలి సంచుల్లోంచి కాల్షియం బయటికి రావాలి, ఏటీపీ ఖర్చవాలి. ఏటీపీని వెంటనే నింపడానికి పోగులో క్రియాటిన్ ఫాస్ఫేట్ అనే నిల్వ ఉంటుంది. అది విరిగే కొద్దీ ఫాస్ఫేట్ పేరుకుంటుంది. ఆ ఫాస్ఫేట్ ఒక పక్క బిగుసుకునే యంత్రాంగాన్ని మందగింపజేస్తుంది, ఇంకో పక్క కాల్షియం విడుదలను అడ్డుకుంటుంది. పల్సులు వెంటవెంటనే పడితే పొటాషియం కూడా పోగు బయట పోగుపడి, సంకేతం లోపలిదాకా వెళ్ళడమే కష్టమవుతుంది. మిషన్ పిలుస్తూనే ఉంటుంది, పోగుకి ఆ పిలుపు సరిగ్గా వినపడదు. ఒకే బలానికి మనిషి సొంతంగా కండరం బిగిస్తే అయ్యే ఖర్చు కంటే కరెంటుతో బిగిస్తే ఆ పోగుల్లో అయ్యే ఖర్చు ఎక్కువని స్కానింగ్ పరీక్షల్లోనూ కనపడింది.

దీనికి తోడు, ఎక్కువకాలం వాడని కండరమే మారిపోతుంది. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ళ కాళ్ళలో నెలలు, ఏళ్ళు గడిచేకొద్దీ అలవని పోగులు తగ్గి, త్వరగా అలిసే రకం పెరుగుతాయి. రక్తనాళాలూ పలచబడతాయి. పిల్లి పిక్క కండరం మీద రాబర్ట్ బర్క్ బృందం 1973లో ప్రచురించిన పరీక్ష ఒకటి ఇప్పటికీ రకరకాల రూపాల్లో వాడతారు. సెకనుకొకసారి, సెకనులో మూడో వంతు పాటు, 40 హెర్ట్జ్ పల్సులు ఇస్తూ రెండు నిమిషాలు నడిపిస్తారు. చివరి బలాన్ని మొదటి బలంతో భాగిస్తే వచ్చేది ఫెటీగ్ ఇండెక్స్. 0.75 దాటితే అలవని యూనిట్, 0.25 కంటే తక్కువైతే త్వరగా అలిసే యూనిట్. మొదట్నుంచీ మెల్లగా పడే గ్రాఫ్‌కీ, రెండో నిమిషానికే నేలను తాకే గ్రాఫ్‌కీ మధ్య తేడా ఆ ఒక్క అంకెలో తెలుస్తుంది.

ఇందులో నిరాశపడాల్సిందేమీ లేదు. మార్పు రెండు వైపులా జరుగుతుంది. 1969లో సాల్మన్స్, వ్రబోవా కుందేళ్ళ మీద చేసిన ప్రయోగంలో వేగంగా పనిచేసే కండరానికి వారాల తరబడి తక్కువ ఫ్రీక్వెన్సీలో పల్సులిస్తే అది నిదానమైన కండరం లక్షణాలు తెచ్చుకుంది. మనుషుల్లోనూ నెలల తరబడి క్రమంగా కరెంటు వ్యాయామం చేయిస్తే అలుపును తట్టుకునే శక్తి పెరుగుతుంది. ఇవాళ పది నిమిషాలకే ఆగిపోయిన కాలు ఎప్పటికీ పది నిమిషాల కాలే అని కాదు.

మరి ఏం చేస్తున్నారు?

అన్నిటికంటే పాత మందు, విశ్రాంతి. మొదట్లో ఒక వంతు ఆన్ అయితే మూడు నుంచి ఐదు వంతులు ఆఫ్ పెట్టడం మామూలు. ఐదు సెకన్లు లేపితే పదిహేను, ఇరవై సెకన్లు వదిలేయడం అన్నమాట. పక్కన కూర్చున్నవాళ్ళకి ఈ ఖాళీ టైము దండగలా కనిపిస్తుంది. కానీ పోగు లోపల నిల్వ తిరిగి నిండేది ఆ ఖాళీలోనే.

1961లో వ్లాదిమిర్ లిబర్సన్ బృందం చేసిన పరికరం ఈ విశ్రాంతిని నడకలోనే దాచింది. పాదం వేలాడేవాళ్ళ చెప్పులో మడమ కింద ఒక స్విచ్ పెట్టారు. మడమ నేల నుంచి లేవగానే కరెంటు ఆన్, పాదం పైకి లేస్తుంది. మడమ నేలకి తగలగానే ఆఫ్. నడకలో ఒక కాలు సుమారు 60 శాతం సేపు నేల మీద, 40 శాతం సేపు గాల్లో ఉంటుంది. అంటే ప్రతి అడుగులోనూ సగానికి పైగా ఆ కండరానికి సెలవే.

రెండో మందు ఫ్రీక్వెన్సీ తగ్గించడం. ఒకే బలం కోసం పల్సుల సంఖ్య తగ్గించి, ఒక్కో పల్సును కాస్త పొడవు చేస్తే అలుపు తగ్గిందని ప్రయోగాలు చెప్తున్నాయి. మన అమ్మమ్మలు అడిగే "కాస్త పెంచు" సంగతేమిటంటారా? కరెంటు బలం పెంచితే ప్యాడ్‌కి దూరంగా ఉన్న కొత్త పోగులు పనిలోకి వస్తాయి. పాదం మళ్ళీ లేస్తుంది. కానీ కాసేపటికి అవీ అలుస్తాయి, అప్పుడు పిలవడానికి వెనక ఎవరూ మిగలరు. ఫ్రీక్వెన్సీ పెంచితే ఇప్పటికే అలిసినవాళ్ళనే ఇంకా వేగంగా పరిగెత్తించినట్టు.

మూడోది నాకు బాగా నచ్చింది, ఎందుకంటే ఇది మన ఆపరేటింగ్ సిస్టమ్స్ సిలబస్‌లోని రౌండ్ రాబిన్‌కి అన్న వరస. మళ్ళీ ఆడిటోరియంకి వెళ్దాం. హాలుని నాలుగు బ్లాకులు చేసి, మొదటి బ్లాకు, తర్వాత రెండోది, మూడోది, నాలుగోది వంతులవారీగా చప్పట్లు కొడితే? శబ్దం నాలుగు రెట్లు దగ్గరదగ్గరగా వినిపిస్తుంది, ఏ ఒక్కరి చేతులకీ పని పెరగదు. కెనడాలోని టొరంటోలో మిలోష్ పోపోవిచ్ బృందం, మరికొందరు పరిశోధకులు ఇలాగే ఒక పెద్ద ప్యాడ్ బదులు నాలుగు చిన్న ప్యాడ్లు పెట్టి చూశారు. ఒక్కో ప్యాడ్‌కి సెకనుకు 10 పల్సులు, ఒకదాని తర్వాత ఒకటి 25 మిల్లీసెకన్ల తేడాతో. మొత్తం కండరానికి 40 హెర్ట్జ్ అందినట్టే, ఏ ఒక్క భాగానికైనా 10 మాత్రమే.

లెక్క వేసి చూద్దాం. ఐదు సెకన్లు ఆన్, పది సెకన్లు ఆఫ్ చొప్పున ఇరవై నిమిషాల సెషన్ అనుకోండి. అంటే 80 సార్లు పాదం లేస్తుంది. ఒకే జత ప్యాడ్లతో 40 హెర్ట్జ్ అయితే ప్రతి పోగుకి 80 × 5 × 40, అంటే 16,000 పల్సులు. నాలుగు భాగాలు చేస్తే ఒక్కో భాగానికి 4,000. ప్రయోగాల్లో అలుపు తగ్గిన మాట నిజమే, అయితే కాగితం మీద లెక్కలా నాలుగో వంతుకి పడిపోదు. రెండు ప్యాడ్ల సరిహద్దులో ఉన్న పోగులకి రెండు వైపుల నుంచీ పిలుపు వస్తుంది. నాలుగు భాగాల బలం సమానంగా లేకపోతే కదలికలో వణుకు మిగులుతుంది. థ్రెడ్లు ఒకే మెమరీని పంచుకున్నప్పుడు మనకొచ్చే తలనొప్పిలాంటిదే ఇది.

ఈ అలుపు ఎంత పెద్ద సమస్యో చూడాలంటే 2016 అక్టోబర్‌లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ దగ్గర జరిగిన మొదటి సైబథ్లాన్ సైకిల్ పోటీ వీడియో చూడండి. వెన్నుపాము దెబ్బతిని కాళ్ళు కదపలేనివాళ్ళు, కరెంటుతో తమ సొంత కండరాలనే నడిపిస్తూ సైకిల్ తొక్కుతారు. దూరం 750 మీటర్లు. మన కాలేజీ గేటు నుంచి హాస్టల్ దాకా వెళ్ళి వచ్చినంత. మనకి అది లెక్కలోకి రాని దూరం. వాళ్ళకి మాత్రం ఎప్పుడు ఎంత కరెంటు ఖర్చుపెట్టాలి, చివరి మీటర్లకి ఎంత మిగుల్చుకోవాలి అన్నదే అసలు పోటీ. టీమ్ క్లీవ్‌లాండ్ తరఫున మార్క్ మన్ 2 నిమిషాల 58 సెకన్లలో గెలిచాడు. ఆయన ఎలక్ట్రోడ్లు చర్మం మీద కాకుండా ఒంటి లోపల, నరాలకి దగ్గరగా అమర్చినవి. దగ్గరగా ఉంటే కావలసిన కండరాన్ని పక్కాగా పిలవచ్చు.

ఇంట్లో ఉన్నవాళ్ళకి

ఇదంతా చదివి మిషన్ సెట్టింగులు మనమే మార్చేద్దాం అనుకోకండి. అది ఫిజియోథెరపిస్టు పని. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళ విషయంలో డాక్టర్‌ని అడగకుండా ఈ కరెంటు జోలికే వెళ్ళకూడదు. మనం చేయగలిగింది వేరే ఉంది.

ఒకటి, మిషన్ పాదాన్ని లేపుతున్నప్పుడు పేషెంట్‌ని కూడా "మీరూ లేపండి" అని ప్రోత్సహించడం. పక్షవాతం వచ్చినవాళ్ళలో మెదడు నుంచి కొంత సంకేతమైనా దిగుతుంటే, అది శరీరం సొంత వరుసలో, చిన్న యూనిట్లతో మొదలవుతుంది. మిషన్ పిలవలేని పోగుల్ని ఆ మనిషి పిలవగలరు. తాతయ్య ఫిజియోథెరపిస్టు ప్రతిసారీ "తాతగారూ, మిషన్‌కి వదిలెయ్యకండి, మీరూ లాగండి" అనేవారు. అది ధైర్యం చెప్పడానికి అనే మాట అనుకునేదాన్ని. వెనక ఇంత ఫిజియాలజీ ఉంది.

రెండు, ఆఫ్ టైమ్‌లో మాటలు చెప్పడం, నీళ్ళివ్వడం, కాలు అలా వదిలెయ్యనివ్వడం. ఆ పదిహేను సెకన్లు వైద్యంలో భాగమే.

మూడు, పాదం ఎత్తు తగ్గినప్పుడు అడగాల్సిన ప్రశ్నలు మార్చుకోవడం. ఆన్ ఎన్ని సెకన్లు, ఆఫ్ ఎన్ని సెకన్లు? ఫ్రీక్వెన్సీ ఎంత? ప్యాడ్లు పోయినసారి పెట్టిన చోటే ఉన్నాయా, జెల్ ఎండిపోయిందా? పోయిన నెల ఎన్నిసార్లు లేచాక అలిసింది, ఈ నెల ఎన్నిసార్లకి? ఈ చివరిదాన్ని ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టండి. రోజూ చూసే కళ్ళకి తేడా తెలియదు, నెల తర్వాత ఆ అంకెల్లో తెలుస్తుంది. "ఈయనే సహకరించట్లేదు" అనబోయే ముందు ఆ పేజీ ఒకసారి తిరగేస్తే చాలు.